లైసెన్సు వచ్చేదాకా మాత్ర ఆగాలి

మనిషి ఇకమీదట ఏదీ మరిచిపోకుండా చూసే ఉచిత ప్రోగ్రాం ఒకటి త్వరలో ప్రజలపరం కాబోతున్నదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘంవారు సగర్వంగా ప్రకటించారు. అది అప్పటికే తయారై ఒక ఇంట్లో నిక్షేపంగా పనిచేస్తున్నదన్న ముక్క మాత్రం ప్రకటనలో లేదు. పనిచేస్తున్నదాన్ని తయారుచేయడానికి ప్రణాళిక వేయడంలో ఉన్న కష్టం ప్రణాళికలు వేసేవారికే తెలుస్తుంది.

ఆ ప్రోగ్రాం రాసింది ఒక కోడలు. రాసింది అత్తగారి కోసం. అత్తగారికి రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరిపోయాయి. బి.పి. నిలకడగా ఉంటే తప్ప కత్తి పట్టనని కంటి డాక్టరు భీష్మించుకుని కూర్చున్నాడు. బి.పి. నిలకడగా ఉండాలంటే రోజూ మాత్ర వేసుకోవాలి. వేసుకున్నదీ లేనిదీ అత్తగారికి గుర్తుండదు. ఒకరోజు మానేసేవారు, మర్నాడు రెండు మింగేవారు. ఆస్పత్రి గుమ్మందాకా వెళ్ళి ఒకసారి తిరిగొచ్చారు కూడా.

కోడలు ఆఫీసులో కరెంటు బిల్లుల ప్రోగ్రాంలు రాస్తుంది. సెలవురోజుల్లో కూర్చుని, పాత ఫోన్లో మాత్రలూ, పుట్టినరోజులూ, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలన్నదీ అన్నీ చూసుకునే ఏర్పాటు చేసింది. వేళకు అది కోడలి గొంతుతోనే "అత్తయ్యా, మాత్ర" అనేది. వేసుకున్నానని నొక్కేదాకా ఊరుకునేది కాదు. "ఆఫీసుకెళ్ళినా నా నెత్తిమీదే కూర్చున్నావే తల్లీ!" అని అత్తగారు మురిసిపోయేవారు. బి.పి. బుద్ధిగా దారికొచ్చింది. డాక్టరు ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు.

అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. కోడలికి ఉన్న లోపమల్లా మంచితనం. ఇలాంటిది అందరికీ ఉంటే బాగుండునని దాన్ని తీసుకుని సంఘం మెట్లెక్కింది. జిరాక్సు కొట్టు మీది గది, ప్లాస్టిక్ కుర్చీలు, ప్రోగ్రాంలు ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని గోడకు స్వేచ్ఛ గురించి ఒక బోర్డు. సంఘంవారు చప్పట్లు కొట్టి స్వీకరించారు. చప్పట్లు ఆగాక సంఘం లాయరుగారు గొంతు సవరించుకున్నారు.

"లైసెన్సు ఏదమ్మా? అదే, దీన్ని ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే షరతులు?"

"ఇంకా పెట్టలేదండీ. మీరేది చెబితే అది పెడదాం."

"లైసెన్సు లేని ప్రోగ్రాం వాడే హక్కు ఎవరికీ లేదు. మరి మీ అత్తగారు ఏ హక్కుతో వాడుతున్నట్టు?"

"నేను రాసిందే కదండీ?"

"రాయడం నువ్వే రాశావు. కానీ పావుగంట క్రితం మాకిచ్చేశావు. ఇప్పుడది సంఘానిది."

ఇంకొకరైతే ఇక్కడ తలూపి, ఇంటికెళ్ళి తమ పని తాము చూసుకుందురు. కోడలు ఇంటికెళ్ళి ఫోన్లో దాన్ని ఆపేసింది. "మన ఇల్లు, మన ఫోను, ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు భర్త. "ఎవరూ చూడకపోతే తప్పు కాదా?" అంది. ఇద్దరిలో ఎవరో ఒకరు రోజూ ఆఫీసునుంచి అత్తగారికి ఫోన్ చేసి గుర్తుచేయాలని తీర్మానించుకున్నారు. ఇద్దరూ చేశారు. అత్తగారు ఇద్దరి మాటా మన్నించి రెండుసార్లు మింగారు.

అక్కడ సంఘం నిద్రాహారాలు మాని చర్చించింది. ప్రోగ్రాంను మార్చుకున్నవాడు ఆ మార్పును అందరికీ తిరిగి ఇచ్చి తీరాలన్నది ఒక వర్గం. ఎవడిష్టం వాడిదన్నది రెండో వర్గం. ఇష్టమే లేనివాడి సంగతేమిటన్నది చీలిక మాస్టారి వర్గం. అందులో ఆయనొక్కరే సభ్యులు. మాట నెగ్గనప్పుడల్లా ఆయన సంఘాన్ని చీల్చి కొత్త సంఘం పెడతారు. వేరే గది లేదు కనుక అదే గదిలో కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటారు.

ఇంతలో పుట్టినరోజు ఎవరి సొత్తు అన్న ప్రశ్న లేచింది. పుట్టినవాడిదని కొందరు, కన్నతల్లిదని కొందరు. దాని మీద ఉపసంఘం వేశారు. అది తేలేలోపు ఖాళీగా ఉండటమెందుకని, కలలను కూడా నమోదుచేసే పదో కూర్పుకు ప్రణాళిక సిద్ధం చేశారు. మొదటి కూర్పు మీద ఇంకా ఆంక్ష ఉంది. సమావేశాల తేదీలు సభ్యులే మరిచిపోతున్నారు కాబట్టి ఆ ప్రోగ్రాంనే వాడుకుందామని ఎవరో అమాయకుడు అన్నాడు. లైసెన్సు లేనిదాన్ని వాడమన్నందుకు అతని చేత క్షమాపణ చెప్పించారు.

ఆపరేషన్ రోజు వచ్చింది. బి.పి. చూసి డాక్టరు మళ్ళీ వెనక్కి పంపేశాడు. ఇంటికొచ్చే దారిలో అత్తగారు కోడలి చెంప తడుముతూ, "చిక్కిపోయావా ఏమిటే? నీ మొహం మసగ్గా కూడా ఆనడం లేదు" అన్నారు. కోడలికి దుఃఖం ఆగలేదు. ఈ పని చేసింది తన చేతులేనని ఆమెకు తెలుసు.

ఎట్టకేలకు లైసెన్సు పుట్టింది. హాలు అద్దెకు తీసుకుని సభ పెట్టారు. మొదటి వినియోగదారుగా అత్తగారికి పూలగుత్తి ఇచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు అందుకున్న అధ్యక్షులవారు, "మానవుడు మరుపు నుంచి స్వేచ్ఛ పొందే ఈ శుభఘడియలో, అమ్మగారు ఈ లైసెన్సును పూర్తిగా చదివి, అర్థం చేసుకుని, అంగీకరిస్తున్నానని నొక్కవలసిందిగా కోరుతున్నాను" అన్నారు.

"నాకు కళ్ళు కనబడవు కదా బాబూ!" అన్నారు అత్తగారు.

"అయితే ముందు ఆపరేషన్ చేయించుకుని రండి."

"దానికే గదయ్యా మాత్ర. మాత్రకే గదా ఇది."

అధ్యక్షులవారు లాయరుగారివైపు తిరిగారు. ఎవరైనా చదివి వినిపించవచ్చునని లాయరుగారు వెసులుబాటు కల్పించారు. తీరా ఎవరికి వారు తాము రాసిన పేరా తప్ప చదివి ఉండలేదు. చివరికి కోడలే నిలబడి మొదటినుంచీ చదివింది. అధ్యక్షులవారికి కునుకు పట్టింది. ఏకగ్రీవంగా నెగ్గిన షరతు ఒక్కటే, అదీ ఆఖరున ఉంది: ఈ ప్రోగ్రాం ఏ పనికైనా పనికొస్తుందని సంఘం హామీ ఇవ్వదు, దీన్ని నమ్ముకున్నవారికి ఏమైనా అయితే సంఘానికి సంబంధం లేదు.

"అంటే, ఇది పనిచేస్తే మీ గొప్ప, చెయ్యకపోతే మా ఖర్మ. అంతేనా?" అన్నారు అత్తగారు.

"చూశారా!" అన్నారు అధ్యక్షులవారు ఉలిక్కిపడి లేచి. "సామాన్యులకు సైతం అర్థమయ్యే లైసెన్సు!"

హాలు దద్దరిల్లింది. అందరూ ఫోన్లు తీసి, పేజీలన్నీ ఒక్క తోపు తోసి, పూర్తిగా చదివి అర్థం చేసుకున్నామని నొక్కేశారు. అత్తగారు మాత్రం, "అర్థమైంది గనకే నొక్కను" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మొత్తం విన్న ఏకైక వినియోగదారు అలా అనర్హురాలైపోయారు.

కోడలు ఆ వారమే ఇంట్లో కూర్చుని ఇంకొకటి మొదటినుంచీ రాసింది. ఈసారి ఎవరికీ చూపించలేదు. అత్తగారి బి.పి. దిగింది, ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆవిడ మొట్టమొదట చూసింది కోడలినే. "నిజంగానే చిక్కిపోయావే!" అన్నారు.

ఆ రెండో ప్రోగ్రాం మీకూ ఉంటే బాగుండునని ఉందా? అడక్కండి, ఇవ్వదు. మీరు మంచివారేనని ఆమెకు తెలుసు. అందుకే ఆమెకు భయం. దాన్ని ఇంకా బాగుచేద్దామని నలుగురూ కలిసి సంఘం పెడతారు.