అడ్డుకట్ట మూసే ఉంది

ఆగస్టు పదకొండు, ఉదయం ఏడున్నర. గాలి లేదు, వాన చుక్క పడి ఐదు వారాలైంది, ఆకాశం గోధుమ రంగులో ఉంది. ఇండోనేషియాలోని మధ్య కాలిమంతాన్‌లో ప్రభుత్వం అగ్నిని శాశ్వతంగా నిర్మూలించిన శుభఘడియ అది. (నిర్మూలన ఉత్తర్వు ముందే అచ్చయింది, తనిఖీ మాత్రమే మిగిలింది.)

అక్కడి నేల, ఆకులూ కొమ్మలూ వేల ఏళ్లు నీటిలో నాని నల్లబడగా ఏర్పడింది. పామాయిల్ తోటల కోసం కాలువలు తవ్వి ఆ నీటిని నదిలోకి వదిలారు. ఎండిన ఆ నేల అంటుకుంటే పైకి మంట కనబడదు. లోలోపల నెలల తరబడి రగులుతూ పట్టణాలను పొగతో కప్పుతుంది. అందువల్ల కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిని నిలపాలని నిర్ణయించారు. ఇంతవరకు వివేకమే.

లిస్బెత్ రబ్బరు తోట కాలువ ఒడ్డునే ఉంది. కట్ట వెనుక నీరు నిలిచినన్నాళ్లే ఆ తోటకు ఆయుష్షు. తనిఖీ పడవ వచ్చి కట్టకు ఆనుకుని ఆగగానే ఆమె ఒడ్డుకు పరుగెత్తింది.

"కట్టకున్న చెక్క పలకలు తీయించండమ్మా, పడవ అవతలికి పోవాలి," అన్నాడు అధికారి హర్జోనో.

"ఎందుకు సారూ?"

"కట్ట గట్టిగా మూసి ఉందో లేదో రెండు వైపులా చూడాలి."

"ఒడ్డెక్కి నాలుగడుగులు వేస్తే అవతలి వైపే కదయ్యా!"

"నడిచి చూస్తే చెల్లదమ్మా. జలమార్గ తనిఖీ అని ఉంది నిబంధనలో."

"మొన్న అటవీ శాఖ వాళ్లూ ఇలాగే తెరిచారు. అంతకుముందు కట్టకు విరాళమిచ్చిన దొరలు. ఇక మిగిలింది నడుములోతు. అదీ వదిలేస్తే నా తోట గతేం కావాలి?"

"తోట మా పరిధిలోకి రాదు."

"మరి పొగ?"

"పొగ పర్యావరణ శాఖది," అంటూ ఆయన దగ్గాడు. (దగ్గు ఆరోగ్య శాఖది.)

పలకలు తీశారు. పడవ లోపలికీ, నీరు బయటికీ ఒకేసారి సాగాయి. అవతలి నుంచి చూస్తే కట్ట తెరిచి ఉంది. అధికారి చిరాకుపడి మూయించాడు, ఫోటో తీయించాడు, తిరుగు ప్రయాణానికి మళ్లీ తెరిపించాడు.

"మూసేదెవరు?" అని అరిచింది లిస్బెత్.

"మూసే ఉందని రాశాం కదమ్మా!" అంది దూరమవుతున్న పడవ.

పలకలు తానే బిగించుకుంది. నిలవడానికి నీరు లేదు. సెప్టెంబరులో తోట వేళ్ల నుంచి కాలింది; చెట్లు చప్పుడు లేకుండా ఒకదానిపై ఒకటి వాలిపోయాయి.

తొమ్మిదేళ్ల తరువాత తనిఖీ బృందం అదే కాలువ అడుగున (నిబంధనల ప్రకారం అది ఇంకా జలమార్గమే) మోటారు సైకిళ్లపై వచ్చి, అడ్డుకట్ట చెక్కుచెదరలేదని ధ్రువీకరించింది.