రెండు నిషేధాల కరకట్ట

దేశాల చరిత్రను యుద్ధాలు నిర్ణయిస్తాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి గానీ, డచ్చివారి చరిత్రను నిర్ణయించింది వాక్యంలో ఏ పదం ఎక్కడ కూర్చోవాలన్న తగువే. ఆ తగువు తీరేసరికి నేల్కె ఫర్హూఫ్‌కి పద్నాలుగు గొర్రెలు పోయాయి.

ఆవిడ పూర్వీకులకు నదికట్ట మీద గొర్రెలు మేపుకునే హక్కు 1587లో వచ్చింది. పత్రంలో మాట స్పష్టంగానే ఉంది: ఏ ఒక్కడూ వాళ్ల గొర్రెల్ని కట్ట దింపరాదు. కాకపోతే ఆ కాలపు వాడుక ప్రకారం గుమాస్తా కర్తకొక నిషేధం, క్రియకొక నిషేధం తగిలించాడు, ‘ఎవడూ-కాడు దింపరాదు’ అన్నట్టు. రెండూ కలిసి ఒక్క ‘కాదు’ అని అప్పట్లో పశువుల కాపర్లకు కూడా తెలుసు.

కరకట్టల్ని చూసుకునే, ఆ పత్రమిచ్చిన నీటి మండలిలో కొత్తగా వెలిసిన వాక్యక్రమ సమీకరణ విభాగానికి తెలియలేదు. రెండు నిషేధాలు కలిస్తే అనుమతి అని అది లెక్క తేల్చింది. కాబట్టి గొర్రెల్ని ఎవరైనా దింపవచ్చు. దింపదలచిన పౌరుల సౌకర్యార్థం ఒక యాప్ కూడా విడుదలైంది (గొర్రె ఫొటో తప్పనిసరి, ముఖం ఎదురుగా ఉండాలి).

మంగళవారం పదిన్నరకు పక్కింటి వౌటర్ తాడు పట్టుకుని వచ్చాడు.

“ఏమనుకోకు నేల్కె అక్కా, నాకు స్లాట్ వచ్చింది.”

“వస్తే? రద్దు చేసుకోలేవా?”

“రద్దు చేస్తే మూడు నెలలు దేనికీ స్లాట్ ఇవ్వరట. పన్నుకి డాక్టర్ దగ్గరికెళ్లాలి నేను.”

నేల్కె అతనికి కాఫీ పోసి, ఒక బిస్కట్టిచ్చి, డబ్బా మూసేసింది. వాళ్ల ఊళ్లో శత్రువుకైనా అంతే, చుట్టానికైనా అంతే. అతను గొర్రెను తోలుకుపోతుంటే మాత్రం కిటికీ వైపు చూడలేకపోయింది.

ఆవిడ ఫిర్యాదు మీద జరిగిన విచారణ రోజున విభాగాధిపతి హావర్‌కాంప్ ఓపిగ్గా వివరించాడు. “చూడండమ్మా, పూర్వం పదాలకు విభక్తులుండేవి. ఎక్కడ కూర్చున్నా చెల్లేది. విభక్తులు రాలిపోయాయి. అప్పట్నుంచి సీట్లు కేటాయించాల్సి వచ్చింది. క్రియకి రెండో సీటు. ఉపవాక్యంలోనైతే వెనకెక్కడో. నిషేధానికి ఒకే సీటు. మీ తాతలు రెండు ఆక్రమించారు.”

“వాళ్లు రాయలేదయ్యా. మీ మండలి గుమాస్తానే రాశాడు.”

“అతని మీద చర్యకు సిఫార్సు చేశాం.” (అతను పోయి నాలుగు వందల ఏళ్లు. సంజాయిషీకి గడువు ఇంకా ఉంది.)

అప్పుడు నేల్కె లేచి, ఆయన తల వెనక గోడ మీద మేకుకు వేలాడుతున్న పటం దగ్గరికి నడిచింది. అది మండలి స్థాపనా శాసనం. వేలు పెట్టి పైకి చదివింది.

“మండలి ఆజ్ఞను ఏ ఒక్కడూ ధిక్కరించరాదు. ఇదుగో ఇక్కడో నిషేధం, అదుగో అక్కడోటి. చేతిరాత కూడా అదే. మీ లెక్కన అందరూ ధిక్కరించొచ్చన్నమాట! మరి నా గొర్రెల్ని ఇంటికి తోలుకుపోనా?”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. హావర్‌కాంప్ మంచినీళ్లు తాగి, విచారణను పదకొండు నిమిషాలు వాయిదా వేశాడు. తిరిగొచ్చి తీర్పు చదివాడు.

“గోడ మీదిది వారసత్వ సంపద. దాన్ని రాసినవారి ఉద్దేశాన్ని బట్టి చదవాలి. మీ చేతిలోది దరఖాస్తు. దాన్ని వ్యాకరణాన్ని బట్టి చదవాలి.”

“రెంటికీ తేడా ఏంటయ్యా?”

“మేకు, అమ్మా.”

గురువారానికి ఆఖరి గొర్రె కూడా కట్ట దిగింది. వౌటర్‌కి పౌరబాధ్యత నిర్వర్తించినందుకు ప్రశంసాపత్రం వచ్చింది. మే నెలలో నేల్కెకూ ఒక ఉత్తరం వచ్చింది. కట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగిందనీ, ఆమె పత్రంలోని రెండో వాక్యం, అంటే ‘గడ్డిని పెరగనివ్వరాదు’ అన్నది, ఒకే నిషేధంతో నిర్దోషంగా ఉన్నందున ఇప్పటికీ చెల్లుతుందనీ, ఎందుకు మేపించలేదో పద్నాలుగు రోజుల్లో తెలపాలనీ.