మూడు వేళ్ల పట్టు

ఆ సోమవారం పొద్దున దేవ్‌సింగ్ పెట్టుకున్న పని చిన్నదే. పశువుల కొట్టంలో పూల్ ఆట కర్రతో యాభై దెబ్బలు సాధన చేయాలి, స్నానం చేయాలి, ఏడు గంటల బస్సు పట్టుకొని పాల్వంచ డ్యూటీకి పోవాలి.

ములకలపల్లి తోవలో, అడవి అంచున ఉంది వాళ్ల తండా. చలికాలం పొద్దున మంచు టేకు చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ఎదుటి ఇల్లు కనపడదు. ఆ ఇంట్లో దగ్గు మాత్రం వినపడుతుంది.

ఆదివారం ఉద్యోగుల కాలనీ క్లబ్‌లో పూల్ పోటీ ఫైనల్. బల్ల మీది బంతులను కర్రతో గుంటల్లోకి కొట్టే ఆట అది. ఎదురు ఆడేది తుల్సీరాం, భార్య మంగ్లికి సొంత తమ్ముడు. ఆరేళ్లుగా దేవ్‌సింగ్ ఏటా ఫైనల్‌కు ముందే అతని చేతిలో ఓడుతున్నాడు. నెలాఖరుకు తన రిటైర్మెంటు. రిటైరైన వాళ్లకు పోటీలో చోటు లేదు. క్లబ్ గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. గెలిచినవాళ్ల పేరు ఏటేటా దాని మీద పసుపు రంగుతో రాస్తారు. అక్కడ తన పేరు ఒక్కసారి చూసుకోవాలి. దేవ్‌సింగ్‌కు ఇంకే కోరికా లేదు.

ఆ సంగతి తెలిసి తుల్సీరాం ఊరుకోడు. "బావా, బోర్డు తుడిచెటోళ్ల పేరు గూడ రాయుమని సెక్రటరీకి చెప్పనా? జల్దీ ఎక్కుతవ్," అనేవాడు. దేవ్‌సింగ్ తన కర్ర మొనకు సుద్ద రుద్దుకునేవాడు. అతను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

లోపం అతని పట్టులో ఉంది. ముప్పై ఏళ్లు పంప్‌హౌస్‌లో వాల్వులు తిప్పిన చెయ్యి అది. ఏది దొరికినా పిసికి పట్టుకుంటుంది. క్యూ కర్రను అలా పిసికితే మణికట్టు బిగుస్తుంది, కొట్టే క్షణాన మెలి తిరుగుతుంది. కర్ర మొన ఆవగింజంత పక్కకు జరిగితే చాలు, బల్ల అవతలి కొసకు చేరేసరికి బంతి బెత్తెడు తప్పుతుంది.

అదే పంప్‌హౌస్‌లో పనిచేసి, తొమ్మిదేళ్లు వరసగా బోర్డెక్కిన మంగయ్యది అలాంటి చెయ్యి కాదు. గడ్డి కోసే మిషన్‌లో అతని కుడిచేతి చివరి రెండు వేళ్లు పోయాయి. మిగిలిన మూడింటితో బిగించుదామన్నా పట్టు చిక్కేది కాదు. కర్ర ఆ మూడు వేళ్ల మీద ఊగేది. మోచెయ్యి మేకుకు తగిలించినట్టు నిలిచిపోయేది. దాని కింద చెయ్యి గడియారం లోలకంలా వెనక్కి పోయి, తొందర లేకుండా ముందుకు వచ్చేది. ఆ మంగయ్య పోయి ఏడాదైంది. సంవత్సరీకం అయ్యాక అతని భార్య గురవమ్మ ఆ కర్రను పొయ్యిలో పెట్టబోతుంటే దేవ్‌సింగ్ అడిగి తెచ్చుకున్నాడు.

ఆ కర్రలో ఒక చిత్రం ఉంది. చేతిని కుదిపి కొడితే పిడి లోపల సన్నగా గలగలమంటుంది. చెయ్యి నిదానంగా మొదలై, నిదానంగా వేగం పుంజుకుంటే చప్పుడుండదు. లోపల మర ఏదో వదులైందని మొదట అనుకున్నాడు దేవ్‌సింగ్. తర్వాత అదే తనకు గురువనుకున్నాడు. చప్పుడు రాని దెబ్బే సరైన దెబ్బ.

చిటికెన వేలు, ఉంగరం వేలు మడిచి, గుడ్డ పీలికతో అరచేతికి కట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చెవి ఒగ్గి కర్ర ఊపడం మొదలుపెట్టాడు.

పాలు పిండడానికి వచ్చిన మంగ్లికి తలుపు బయటే గలగల వినపడింది. ఆడమనిషి ఒంటి మీది నగల చప్పుడు. ఆమె చెంబు గట్టిగా పట్టుకొని తడిక సందులోంచి చూసింది. లోపల ఆడమనిషి లేదు. కళ్లు మూసుకున్న మొగుడున్నాడు. అతని కుడిచేతికి మూడే వేళ్లున్నాయి.

చెంబు కింద పడింది. ఆ పూట బర్రె కూడా పాలివ్వలేదు.

"ఏమయ్యా, నీ ఏళ్లు ఏడబోయినయ్?" అని వాకిలి అవతల నుంచే అడిగింది మంగ్లి.

"ఉన్నయ్."

"లోపల గా గలగల ఏంది?"

"కర్ర."

"ఎవరి కర్ర?"

"మంగయ్యది."

మంగ్లి వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. ఆ రోజు నుంచి వంట మానేసింది. చచ్చిన మనిషికి తన చేత్తో వండి పెడితే ఇంటికి అలవాటు పడతాడని ఆమె భయం.

మంగళవారం బస్సులో దేవ్‌సింగ్ కునుకు తీశాడు. కుడిచెయ్యి సీటు పక్కకు వేలాడింది. మోచెయ్యి ఆగే ఉంది. కింది చెయ్యి మాత్రం ముందుకూ వెనక్కీ ఊగుతూ ఉంది. రెండు వేళ్లు అలవాటుగా లోపలికి ముడుచుకున్నాయి. బస్సు ఆగినా చెయ్యి ఆగలేదు. వెనక సీట్లో కూర్చున్న పక్కింటి ద్వాలి ఆ సాయంత్రమే మంగ్లి దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, అన్న నిద్రబోయిండు. చెయ్యి మాత్రం మేల్కొనే ఉన్నది!"

బుధవారానికి తండాకు తెలిసింది. గురువారానికి కాలనీ అంతటికీ తెలిసింది. పంప్‌హౌస్‌లో తోటివాళ్లు దేవ్‌సింగ్‌కు కుర్చీ వేసి, తాము నిలబడ్డారు. ఒకాయన వంగి, "మంగన్నా, అక్కడ ఎట్లున్నది?" అని మెల్లగా అడిగాడు. దేవ్‌సింగ్ పంపు గురించి అనుకొని, "చల్లగున్నది," అన్నాడు. అడిగినాయన సెలవు పెట్టి ఇంటికి పోయాడు.

శుక్రవారం పొద్దున మంచులోంచి గురవమ్మ వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. ఎప్పుడూ దేవ్‌సింగ్‌ను "అన్నా" అని పిలిచే మనిషి, ఆ రోజు కొంగు నెత్తి మీదికి లాక్కొని, "ఏమయ్యా," అంది.

మంగ్లి ఇంట్లోంచి ఉరికి వచ్చింది. "నా మొగన్ని పట్టుకొని నువ్వు ఏమయ్యా అంటవేంది?"

"నీ మొగన్ని అంటలేను చెల్లే. లోపలున్న మా ఆయన్ని అంటున్న."

"గట్లయితె మీ ఆయన్ని తీస్కపో. నా ఆయన్ని నాకు ఇడిశిపెట్టు!"

గురవమ్మ డబ్బా మూత తీసింది. ఎండు చేపల కూర. మంగయ్యకు ప్రాణం. దేవ్‌సింగ్ పెళ్లైన నలభై ఏళ్లలో ఎండు చేప ముట్టలేదు. కానీ మంగ్లి వంట మానేసిన నాటి నుంచి అతను బిస్కెట్లు తిని బతుకుతున్నాడు. కూర్చుని తిన్నాడు. డబ్బా వేలితో తుడిచి మరీ తిన్నాడు. ఆడవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నా గుండ్ల దండ ఏడ పెట్టినవ్?" అని గురవమ్మ గొంతు తగ్గించి అడిగింది. "మా అమ్మ పెట్టిన బంగారు గుండ్లు. పోయి పదేండ్లాయె. నీ చెల్లె కొండమ్మే తీసిందని దానితోని మాటలే బంజేసిన. ఇప్పటికన్న చెప్పు."

"నాకెరుక లేదు," అన్నాడు దేవ్‌సింగ్.

గురవమ్మ కళ్లొత్తుకుంది. "ఆయన గూడ గిదే మాటన్నడు. గిట్లనే మూతి తుడుచుకుంట అన్నడు."

ఆదివారం పది గంటలైనా మంచు విడలేదు. క్లబ్ నిండా జనం. కిటికీలకు వేలాడుతున్నారు. ఆట చూడడానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురే. మిగిలినవాళ్లు మంగయ్యను చూడడానికి వచ్చారు. గురవమ్మ ఒక మూల, ఆమె ఆడబిడ్డ కొండమ్మ ఇంకో మూల నిలబడ్డారు.

తుల్సీరాం నవ్వబోయాడు. "నువ్వేనా బావా?"

"అవ్," అన్నాడు దేవ్‌సింగ్. మంగయ్య కూడా అంతకు మించి మాట్లాడేవాడు కాదు. తుల్సీరాం నవ్వు సగంలో ఆగింది.

దేవ్‌సింగ్ రెండు వేళ్లు మడిచాడు. కర్ర వేళ్ల మీద ఊగింది. చప్పుడు లేదు. బంతి పడింది. మళ్లీ ఊగింది. మళ్లీ పడింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. బంతి పడినప్పుడల్లా ఎవరో ఒకరు దండం పెడుతున్నారు. తుల్సీరాం తన వంతు వచ్చినప్పుడు కర్రను పాము మెడలా పిసికి పట్టుకుంటున్నాడు. ఆరేళ్లలో మొదటిసారి అతని బంతులు బెత్తెడు తప్పాయి.

చివరికి ఇద్దరికీ నల్ల బంతి ఒక్కటే మిగిలింది, వంతు దేవ్‌సింగ్‌ది. అది పడితే బోర్డు మీద పేరు. అతను వంగాడు. మోచెయ్యి నిలిచింది. చెయ్యి వెనక్కి పోయింది.

"పోయేముందు నా దండ ఏడున్నదో చెప్పి పో!" అని గురవమ్మ గావుకేక పెట్టింది.

చెయ్యి అదిరింది. మొన జారింది. తెల్ల బంతి నల్ల బంతిని గీరి పోయింది. నల్లది గుంట అంచు దాకా దొర్లి, ఊదితే పడేటట్టు ఆగింది. అంత నిశ్శబ్దంలో కర్ర పిడి గలగలమని మోగింది.

గురవమ్మ జనాన్ని తోసుకొని వచ్చింది. "గది నా దండే! గా చప్పుడు నాకెరుక!"

క్లబ్ సెక్రటరీ కుమారస్వామి కర్ర అందుకొని పిడి చివరి రబ్బరు మూత పీకాడు. కర్ర బరువు కోసం ఇనుప మర ఉండాల్సిన రంధ్రం అది. వంచగానే బంగారు గుండ్లు ఒక్కొక్కటే పచ్చ గుడ్డ మీదికి రాలాయి. దొర్లుకుంటూ పోయి నల్ల బంతి చుట్టూ ఆగాయి.

"ఆట కోసం నా బంగారాన్ని కర్రల పోసినవా, దొంగ సచ్చినోడా!" అని గురవమ్మ దేవ్‌సింగ్ రెక్క మీద నాలుగు దెబ్బలు వేసింది. తర్వాత కొండమ్మ మెడ పట్టుకొని ఏడ్చింది. పదేళ్ల మాటలు కదా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు.

వాళ్లు సద్దుమణిగాక కుమారస్వామి, "తుల్సీరాం, నీ వంతు," అన్నాడు.

చిన్నపిల్లలు కూడా వేసే బంతి. తుల్సీరాం దాన్ని చూశాడు, దాని చుట్టూ ఉన్న గుండ్లను చూశాడు. కర్ర బల్ల మీద పెట్టేశాడు.

"నేనాడను. నేను మా బావతోని ఆడనీకి వచ్చిన. మంగన్నతోని కాదు."

"అంటే ఓటమి ఒప్పుకున్నట్టేనా?"

"అవ్, ఒప్పుకున్న. నన్ను పోనియ్యుండ్రి."

దేవ్‌సింగ్ బోర్డు కిందికి జరిగి నిలబడ్డాడు. కుమారస్వామి స్టూలెక్కి పసుపు రంగు డబ్బా తెరిచాడు. బోర్డు మీద నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు: మంగయ్య.

"నేను దేవ్‌సింగ్‌ను," అన్నాడు దేవ్‌సింగ్.

"మాకెరుకే అన్నా," అని కుమారస్వామి స్టూలు మీది నుంచే దండం పెట్టాడు. "తుల్సీరాం ఎవరితోని ఓడినన్నడో ఆయన పేరే రాయాలె గద. రూల్ గట్ల ఉన్నది."

ఆ సాయంత్రం మంగ్లి అతని కుడిచేతి వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టింది. ఐదూ ఉన్నాయి. పొయ్యి వెలిగించింది. "బోర్డుదేముందయ్యా, మా తమ్ముడు ఓడిండు గద," అంది జొన్నరొట్టె వడ్డిస్తూ. దేవ్‌సింగ్ తిన్నాడు.

మర్నాడు సోమవారం. మంచు వాకిట్లో నిలబడి ఉంది. దేవ్‌సింగ్ కొట్టంలోకి పోయి, ఖాళీ అయిన కర్రను వేళ్ల మీద ఉంచి, కళ్లు మూసుకొని ఒక దెబ్బ ఊపాడు.

పిడి లోపల సన్నగా గలగలమంది.

అతను కళ్లు తెరిచాడు. రబ్బరు మూత పీకి రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. ఏమీ లేదు. బర్రె అతని చేతికేసి చూస్తోంది. దేవ్‌సింగ్ మూత బిగించాడు. మణికట్టు వదులు చేసి మళ్లీ ఊపాడు. ఈసారి చప్పుడు రాలేదు.

మొదటిది తన తప్పేనని ఒప్పుకొని, దేవ్‌సింగ్ మిగతా నలభై ఎనిమిదికి వంగాడు.