మామగారు కూర్చునే సీటు

గురువారం పొద్దున ఏడింటికి, అరగంట పని అనుకుని చిన్నల్లుడు కారు తలుపులు తెరిచాడు. పదింటికి మామగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. శుక్లం ఆపరేషన్ కట్టు విప్పుతారు. ఆపరేషన్ రోజున తీసుకెళ్ళింది పెద్దల్లుడు. "ఆ కారులో కూర్చుంటే ఇస్త్రీ మడత కూడా నలగలేదు," అని మామగారు పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నారు. నలభై ఏళ్ళు టైలరుగా చేసిన మనిషి నోట ఆ మాట చిన్నల్లుడికి పంటి కింద రాయిలా తగులుతోంది.

అతని కారులో ముందు సీటు దొరది. దొర అంటే కుక్క. సీటు నలుపు, దొర తెలుపు.

"మా బావగారి దగ్గర వాక్యూమ్ మిషన్ ఉంది. అడగండి," అంది భార్య.

"ఆయన్ని అడిగేకన్నా ఒక్కో వెంట్రుకా చేత్తో ఏరుకుంటాను."

రబ్బరు గ్లవుజు తడిపి సీటును ఒకే వైపుకి రుద్దాడు. వెంట్రుకలు ఉండలు కట్టి వచ్చాయి. ఆ ఉండలను డాష్‌బోర్డు మీద పేర్చాడు. కింద కార్పెట్ దగ్గరికి వచ్చేసరికి గ్లవుజు చిరిగింది. టేపు అంటించి లాగితే కార్పెట్ నూలు ఊడింది గాని వెంట్రుక ఊడలేదు. తొమ్మిదింటికి భార్య ఎక్కడినుంచో ఒక మిషన్ తెచ్చింది.

"ఎవరిది?"

"ఎవరిదైతే ఏం లెండి. కానివ్వండి."

మిషన్‌కి రెండు కన్నాలు. ఒకటి పీల్చేది, ఒకటి ఊదేది. అతను గొట్టాన్ని రెండోదానికి తగిలించి స్విచ్ వేశాడు. ఉండలన్నీ లేచాయి. సీటు తడిగా ఉంది కనుక సగం వెంట్రుకలు మళ్ళీ అక్కడే అతుక్కున్నాయి. మిగతావి వెనక సీటుకు, కారు పైకప్పు గుడ్డకు, అతని మీసానికి పట్టుకున్నాయి.

అప్పుడే గేటు తీసుకుని పెద్దల్లుడు వచ్చాడు. "నా మిషన్ బాగా పనిచేస్తోందా తమ్ముడూ? పద, నేనూ వస్తాను. నేను పక్కన ఉంటే మామగారికి ధైర్యం."

చిన్నల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె దొర వైపు చూసింది.

ఆసుపత్రిలో దిగేసరికి పెద్దల్లుడి నల్ల ప్యాంటు వెనకవైపు నల్లగా లేదు. మామగారికి అదేమీ తెలియలేదు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పటినుంచో మసక.

కట్టు విప్పాక ఆయన గోడ మీది అక్షరాలన్నీ చదివారు. అయినా తిరిగి కారెక్కేటప్పుడు ముఖం తేటపడలేదు. "అంతలేసి అక్షరాలు ఎవరికైనా కనిపిస్తాయి. సూదిలోకి దారం ఎక్కించగలనా అన్నదే నా బెంగ."

రెండు సిగ్నళ్ళు దాటాయి. మామగారు ఒళ్ళోకి వంగి చూస్తున్నారు. చిన్నల్లుడు పక్కకు చూడలేదు.

"ఇబ్బందిగా ఉంటే నా కారు తెప్పించనా మామగారూ?" అన్నాడు వెనకనుంచి పెద్దల్లుడు.

మామగారు మోకాలి మీదనుంచి రెండు వేళ్ళతో ఏదో తీసి వెలుతురుకి పెట్టారు. "వెంట్రుక," అన్నారు.

"కుక్కదండీ," అన్నాడు చిన్నల్లుడు.

"ఎవరిదైతే ఏం. కనిపిస్తోంది." ఇంకొకటి తీశారు. ఇల్లు చేరేసరికి ఆయన అరచేతిలో ఇరవై మూడు ఉన్నాయి. "వచ్చే గురువారం మళ్ళీ చూపించుకోవడానికి కూడా మీరే రండి అల్లుడుగారూ. పెద్దల్లుడుగారి కారులో చూడ్డానికి ఏముంది?"

ఆ సాయంత్రం పెద్దల్లుడు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, మీ దొరని రెండు రోజులు మా ఇంటికి పంపిస్తావా?"

చిన్నల్లుడు మిషన్ పంపించాడు.