కొమ్ముల టీషర్టు, ముట్టని పిట్ట

తొమ్మిదికి పిట్టకు పెట్టాలి, పదికల్లా పిట్ట ముట్టాలి, పదకొండుకు చుట్టాలు తినాలి. కొడుకు దినాల నాడు పొద్దున మునగాల మల్సూర్ అనుకున్నది ఇంతే. కాకులకు మాత్రం ఎవరూ కార్డు పంచలేదు.

వీరేందర్‌కు ఇరవై ఆరేళ్లు. సూర్యాపేట సెల్‌ఫోన్ల దుకాణంలో పని, చెవుల్లో ఎప్పుడూ హెవీ మెటల్ రాక్ పాటలు. కామెర్లు పది రోజుల్లో తీసుకుపోయాయి. తల్లి సత్తమ్మ చేనుగట్టున విస్తరి వేసి అన్నం, తలకాయ కూర వడ్డించి, పక్కన అతనికిష్టమైన నల్ల టీషర్టు పెట్టింది. చుట్టాలంతా విస్తరి చుట్టూ మూగి తుమ్మచెట్టు వంక చూస్తున్నారు. చెట్టు మీది కాకులు చుట్టాల వంక చూస్తున్నాయి.

పదకొండు దాటింది. కోదాడ నుంచి వచ్చిన బామ్మర్ది పర్వతాలు టీషర్టు మీది బొమ్మను పట్టేశాడు. "బావా, కొమ్ములు, మంటలు! ఇది సాతాను. ఆ పాటల అట్టల మీదన్నీ ఇట్టాంటియ్యే. కాకి ఎట్టా దిగుద్ది?"

మల్సూర్ వంగి చూశాడు. నలభై ఏళ్లు జీవాలు కాసిన కన్ను. "సాతాను గాదు, మేకపోతు. నాలుగు పండ్లది, రెండేండ్లుంటయి. జర బక్కగైంది."

అయినా టీషర్టు తీశారు. కాకి రాలేదు. పసుపునీళ్లు చల్లారు, కల్లు పోశారు, పర్వతాలు నిమ్మకాయలు కోశాడు. రాలేదు. "పోరనికి ఎవరి మీదనో కోపమున్నది" అన్నారెవరో. ఆకలి ముదిరేసరికి నిజాయితీ పెరిగింది. వీరేందర్ బండి అద్దం పగలగొట్టింది తానేనని ఒక పెదనాన్న చెంపలేసుకున్నాడు.

మల్సూర్ కూలబడ్డాడు. "నా మీదనే. పోయిన దసరాకు వాని పాటల డబ్బా బండకేసి కొట్టిన. గీ దయ్యం పాటలు నా ఇంట్ల ఇనబడొద్దన్న. మల్ల ఇంటికి రాలే. దవాఖానలనే సూసిన."

వీరేందర్‌తో దుకాణంలో పనిచేసిన సౌందర్య ముందుకొచ్చింది. "కాకా, ఒగ్గుకథల రాక్షసుడు అరుస్తడు గదా, కథ అయినంక చాయ్ తాగుతడు. గీ పాటగాళ్లు గంతే. వీరేందర్ ఇనుకుంట నవ్వెటోడు."

"నవ్వెటోడా? అయితే పెట్టు బిడ్డా."

ఆమె ఫోనును విస్తరికి దూరంగా ఉన్న మైకుసెట్టుకు కలిపింది. రాక్ మొదలైంది. కాకి రాక మాట దేవుడెరుగు, జనం పోక మొదలైంది! గిటారు కీచుమంది, ఎవరో పేగుల్లోంచి గర్జించారు. పక్కన మేస్తున్న మల్సూర్ గొర్రెలు బెదిరి షామియానా కిందికి దూరాయి, షామియానా చుట్టాల మీద పడింది. పర్వతాలు నిమ్మకాయలతో సహా హైవే మీద ఆగాడు. రెండు నిమిషాల్లో చేను ఖాళీ. మైకు దగ్గర ముగ్గురే మిగిలారు.

విస్తరి దగ్గర మనిషన్నవాడు లేడని చూసుకుని కాకులు దిగాయి. ఒకటి, రెండు, పది.

"వచ్చిండయ్యా! వాని పాటకే వచ్చిండు!" సత్తమ్మ ఏడుస్తూ నవ్వింది.

మల్సూర్ కండువాలో ముఖం పెట్టుకుని పాట చివరిదాకా విన్నాడు. "మంచిగున్నది. ఏమంటున్నడు బిడ్డా ఆయన?"

నిజానికి పాటలో నరకం తలుపులు తెరిచాను, అందరూ రండి అంటున్నాడు ఆయన.

"ఇంటికొస్తున్న, కోపం లేదు అంటున్నడు కాకా," అంది సౌందర్య.

ఇంటర్‌లో రెండుసార్లు తప్పిన ఇంగ్లీషు ఆమెకు ఆ రోజు అక్కరకొచ్చింది.