మొదటి నంబరు చెప్పులు

ఆ రోజు పన్నెండు గంటలలోపు నర్సింహులుకు ఒక కాగితం మీద డాక్టరు సంతకం కావాలి. కావాల్సింది అంతే. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషికి ఎనిమిది నెలలుగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచడం లేదు. టీవీ చూస్తూ కూడా ఎడమచేత్తో గేరు మారుస్తున్నాడని భార్య సత్తెమ్మ నవ్వుతుంది. పక్క వీధి స్కూలు వాళ్లు వ్యాను నడపడానికి పిలిచారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పన్నెండుకల్లా అందకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

మధురానగర్‌లో కృష్ణమోహన్ డాక్టరుగారి క్లినిక్ తొమ్మిదింటికి తెరుస్తారు. పేషెంట్ల చెప్పులు మాత్రం ఆరింటికే వస్తాయి. వరండాలో చెప్పుల జత వరుసలో పెట్టి ఇంటికి పోవడం, తొమ్మిదింటికి వచ్చి ఆ వరుసలోనే టోకెన్ తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. మనుషులు తోసుకుంటారేమో గానీ చెప్పులు ఎన్నడూ తోసుకోలేదు.

నర్సింహులు ముందురాత్రే లెక్క వేసుకున్నాడు. తన చెప్పులు అక్కడ పెడితే ఉత్తికాళ్లతో ఇంటికి రావాలి. అందుకని సత్తెమ్మ చెప్పులు సంచిలో వేసుకుని, పావు తక్కువ ఆరుకు వాటిని అందరికంటే ముందు పెట్టి, దర్జాగా తన చెప్పులతో నడిచొచ్చి మళ్లీ పడుకున్నాడు. భార్యకు చెప్పాలని తోచలేదు. చెప్పులకు పర్మిషనేమిటి?

ఏడింటికి సత్తెమ్మకు పాలకు పోదామంటే చెప్పులు కనబడలేదు. కుక్క ఎత్తుకుపోయిందనుకుని ఉత్తికాళ్లతోనే బయలుదేరింది. పాల దుకాణం దగ్గర ఎదురింటి భూలక్ష్మి ఆమెను ఆపింది. భూలక్ష్మి అప్పుడే వాకింగ్ నుంచి వస్తోంది. దారిలో క్లినిక్ వరండాలో, అందరికంటే ముందు, ఎర్రదారంతో కుట్టిన నీలం పట్టీల చెప్పులు చూసింది. ఆ చెప్పులు ఎవరివో కాలనీలో తెలియనిది ఎవరికి?

"ఏమైందక్కా? ఒంట్ల బాగలేదా?"

"నాకేమైంది? మంచిగనే ఉన్న. జర తల నొస్తుంది, అది ఎప్పటిదే."

మంచిగా ఉన్న మనిషి చెప్పులు ఆరు కాకముందే డాక్టరు గుమ్మంలో ఎందుకుంటాయి? పాపం, ఎవరికీ చెప్పుకోకుండా దాస్తోంది అనుకుంది భూలక్ష్మి. అనుకుని ఊరుకుంటే ఆమె భూలక్ష్మి ఎందుకవుతుంది? ఇంటి మెట్లు ఎక్కకముందే సోమాజిగూడలో ఉద్యోగం చేస్తున్న సత్తెమ్మ కూతురు అనుపమకు ఫోన్ చేసింది. "మీ అమ్మకు తల తిరుగుతుందంట" అంది. అనుపమ పంజాగుట్టలోని పెద్దమ్మ దేవవ్వకు చెప్పేటప్పటికి అది కళ్లు తిరిగి పడిపోవడమైంది. దేవవ్వ నాలుగు కొబ్బరిబొండాలు కొని ఆటో ఎక్కింది.

ఇవేమీ తెలియని నర్సింహులు తొమ్మిదింటికి క్లినిక్‌లో ఉన్నాడు. టోకెన్లు ఇచ్చే కాంపౌండరు ఆనందం ముఖాలు మరచిపోతాడు గానీ చెప్పులు మరచిపోడు. పోయిన వానాకాలం ఒక హాస్టలు మహానుభావుడు ఆరు జతలు పెట్టి స్నేహితులందరికీ టోకెన్లు పంచినప్పటి నుంచి అతను ఒక రూలు పెట్టాడు. ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెట్టి చూపించాలి.

"పెట్టన్నా" అన్నాడు ఆనందం.

నర్సింహులు పెట్టాడు. వేళ్లు దూరాయి, మడమలు రెండూ నేలమీదే ఉన్నాయి. హాలంతా నవ్వింది.

"గివి సత్తెమ్మక్కవి. నీ టోకెన్ గాదు. నువ్వు ఇప్పుడొచ్చినవ్, ముప్పై నాలుగు."

"ఆనందం భాయ్, మా ఇంట్లవే కదా! జర చూడు."

"ఇంట్లవైతే ఏంది? రూలు రూలే."

ఇంకొకప్పుడైతే నర్సింహులు గొంతు పెంచేవాడే. కానీ రెండో నంబరు బూట్లలో కాళ్లు పెట్టి నిలబడ్డ మనిషిని చూసి నోరు పడిపోయింది. ఆయన రాఘవేందర్, స్కూలు వ్యాన్ల ఇన్‌చార్జి. సర్టిఫికెట్ అందించాల్సింది ఆయనకే. లైను విషయంలోనే కిరికిరి చేసేవాడికి పిల్లలనెవరు అప్పజెబుతారు?

నర్సింహులు ఆ చెప్పుల్లోంచి కాళ్లు బయటికి తీస్తుండగానే వీధిలో ఊరేగింపు కనబడింది. ముందు కొబ్బరిబొండాలతో దేవవ్వ, వెనక గొడుగు పట్టిన భూలక్ష్మి, నడుమ అనుపమ చెయ్యి విదిలించుకుంటున్న సత్తెమ్మ.

"నాకేం కాలేదంటే వినరేందే! పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన!"

గుమ్మంలోకి రాగానే ఆమె చూపు నేలమీద పడింది. "అయ్యో, నా చెప్పులు ఈడున్నయా!" అంటూ కాళ్లు దూర్చింది. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

"టోకెన్ నంబర్ ఒకటి!" అన్నాడు ఆనందం ఎంతో తృప్తిగా.

వద్దు వద్దంటున్నా అందరూ కలిసి ఆమెను లోపలికి పంపారు. వెనకే నర్సింహులు కూడా దూరాడు. కాగితం జేబులోనే ఉంది, సందు దొరక్కపోతుందా అని ఆశ. డాక్టరుగారు సత్తెమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి ఒకసారి చూశారు, ఇంకోసారి చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చూశారు.

"నూట తొంభై, నూట పది. ఏంటమ్మా ఇది? తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెల్ల సంది సారూ. పొయ్యి సెగకనుకున్న."

"ఇంకో వారం ఆగుంటే పెద్ద ప్రమాదమయ్యేది. మంచి పని చేశారు నర్సింహులుగారూ, టయానికి తీసుకొచ్చారు. ఇప్పుడే ఈసీజీ తీయించి తీసుకురండి."

జేబులోకి పోతున్న చెయ్యి ఆగిపోయింది. రెండు నెలలుగా పక్కనే కూర్చుని టీవీ ముందు గేర్లు మారుస్తున్నాడు, ఆమె కణతలు నొక్కుకోవడం ఒక్కసారి చూడలేదు. అంత సిగ్గు ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ పడలేదు. పన్నెండు గంటల గడువు పోతే పోయిందనుకుని సత్తెమ్మ చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు.

వరండాలో రాఘవేందర్ అడ్డం వచ్చాడు. "అన్నా, భార్య కోసం ఆరు గాకముందే చెప్పులు పెట్టినవ్. అందరు నవ్వినా నోరు విప్పలే. మా పిల్లలకు గిసుంటి డ్రైవరే కావాలె. కాగితం రేపు తే, ఫికర్ జెయ్యకు."

నర్సింహులు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. "సార్, అది గాదు..."

"గిదే అన్నా నీ మంచితనం" అంటూ రాఘవేందర్ లోపలికి వెళ్లిపోయాడు.

ఆటోలో సత్తెమ్మ మెల్లగా అడిగింది. "చెప్పులు నా కోసమే పెట్టినవా?"

"లే."

"నాకెర్కే" అని అతని భుజానికి తల ఆనించుకుంది. "పప్పు మాడిపోయి ఉంటది."

ఈసీజీ బాగానే వచ్చింది. మందులు రాశారు, ఉప్పు తగ్గించమన్నారు. ఇప్పుడు రోజూ మాత్ర వేసే పని నర్సింహులుది.

మర్నాడు పావు తక్కువ ఆరుకు నర్సింహులు బుద్ధిగా తన చెప్పులే వరుసలో మొదట పెట్టి, ఉత్తికాళ్లతో ఇంటికి నడిచాడు. పాల దుకాణం దగ్గర భూలక్ష్మి అతని కాళ్ల వైపు చూసింది.

ఆరున్నరకల్లా అనుపమ ఫోను మోగింది.