కాలరు లోపల మూడు చుక్కలు

దొరల తంతితీగలను ఈ పళ్లతో కొరికి తెంపినవాణ్ణి నేను. ఆ యోగ్యత చూసే మరుగునపడ్డ విప్లవకారుల గుర్తింపు సంఘం వారు నన్ను సభ్యుడిగా వేసుకున్నారని సవినయంగా మనవి చేస్తున్నాను.

సంఘం చాలా పద్ధతిగా పనిచేసింది. విప్లవకారుడని తేలాలంటే ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు అప్పటి దొర సంతకంతో కాగితం చూపాలి. దొర మీద తిరగబడిందెవరో దొరకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

నన్ను మాత్రం ఎవరూ కాగితం అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే: అప్పటికి నాకు ఆరేళ్లు, కొరికింది మా అమ్మ బట్టలారేసే తీగ. అదీ తెగలేదు, పన్నే ఊడింది.

మొదటి అర్జీ ఇస్త్రీ అవ్వది. ఎనభై దాటిన మనిషి. వీధి మొగలో నిలబెట్టబోయే రాతిపలక మీద చనిపోయిన తన అక్క పేరు చెక్కాలి, అంతే కోరిక.

ఆ అక్కాచెల్లెళ్లు దొరల కొలువులో ఉన్న పోలీసు పెద్దయ్య బట్టలు ఉతికేవారట. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి కాలరు లోపల నల్లజీడి రసంతో గుర్తు వేస్తారు కదా, అక్క ఆ గుర్తు పక్కన చుక్కలు చేర్చేది. మూడు చుక్కలంటే మూడో రోజు కలుద్దామని. అడ్డగీత అంటే సోదాకు వస్తున్నారు, కాగితాలు తగలబెట్టమని. పెద్దయ్య ఆ చొక్కా తొడుక్కుని, గుర్రమెక్కి, విప్లవకారులను పట్టుకోవడానికి పక్క ఊరు వెళ్లేవాడు. అక్కడి బంగళాలో ఆయన చొక్కా విప్పి దులిపే నౌకరు మనవాడే. ఇలా మూడేళ్లపాటు పోలీసు శాఖే విప్లవానికి టపా మోసింది.

“జైలు కాగితం ఉందా అవ్వా?” అన్నారు అధ్యక్షులు.

“పట్టుబడితే కదయ్యా జైలు! మా అక్క అంత చేతకానిది కాదు.”

“పోనీ సాక్షి?”

“నేను లేనూ? ఆ సిరా కలిపింది నేనే.”

“నువ్వు బంధువ్వి. చెల్లదు.”

“మరి దొర మీకేమవుతాడు నాయనా, ఆయన మాట చెల్లడానికి?”

ఈ ప్రశ్న కార్యక్రమ పట్టికలో లేనందున నమోదు చేయలేదు.

ఇంతలో పెద్దయ్య మనవడు తాతగారి పెట్టె మోయించుకొచ్చాడు. అందులో పదకొండు చొక్కాలు. కాలర్లు తిప్పి చూస్తే అవ్వ చెప్పినట్టే చుక్కలు, గీతలు. “ఇదిగో మా అక్క చెయ్యి!” అని అవ్వ చొక్కాను గుండెకు హత్తుకుంది. రుజువు దొరికిందని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అవ్వ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

రుజువు దొరికింది నిజమే. కానీ చొక్కా ఎవరిది? సందేశం మోసిన మెడ ఎవరిది?

ఆవిష్కరణ రోజున అధ్యక్షులు గద్గదంగా ఉపన్యసించారు: “తాను మోస్తున్నదేమిటో తనకే తెలియనంత రహస్యంగా పనిచేసిన మహావిప్లవకారుడు మన పెద్దయ్యగారు!” చప్పట్లకు పందిరి ఊగింది. మనవడికి శాలువా కప్పారు.

అప్పుడు వెనక వరసలోంచి లెక్కల మాస్టారు లేచాడు. “ఆ చుక్కలు పెట్టిన చెయ్యి ఎవరిదండీ?” అధ్యక్షులు ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

అవ్వ ఇదేమీ వినలేదు, వీధి మొగలో రాయి దగ్గర కాచుకుని ఉంది. చదువు రాదు. నన్ను చూడగానే, “మా అక్క పేరు ఎక్కడుందయ్యా?” అంది. రాతి మీద పైన పెద్దయ్య పేరు, కింద సంఘ సభ్యుల పేర్లు. ఆవిడ వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టాను. అక్షరం అక్షరం తడిమి, ఆ వేళ్లను కళ్లకద్దుకుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. మాస్టారు లేవలేదు. మనందరితో పాటు కూర్చుని చప్పట్లు కొట్టాడు.